గుబురులో కదిలినదెల్లా పంది కాదు



ఈ పూట మనం మాట్లాడుకొనేది ఎరువుల సంగతి కాదు, విత్తనాల సంగతీ కాదు. తుపాకి సంగతి. సేద్యం మాటల్లోకి తుపాకి ఎందుకు వచ్చిందని పట్నవాసులు ఆశ్చర్యపడవచ్చును గాని, పుత్తూరు చుట్టుపక్కల కొండవార పల్లెల్లో వున్న మీకు ఆశ్చర్యం వుండదు. నారాయణవనం వైపు గాని, వడమాలపేట వైపు గాని, నగరి కొండల దాపున గాని, అడవి అంచున చేను వున్నవారికి చెనిక్కాయ వూడ దిగేదాకా వాన దిగులు, కాయ పట్టినాక పందుల దిగులు. రాత్రికి రాత్రి ఒక మంద దిగిందంటే తెల్లవారేసరికి చేను దున్ని పెట్టినట్టు వుంటుంది. చెరుకు తోటలో దూరితే తిన్నదానికన్నా విరగదొక్కింది ఎక్కువ. ఆరు నెలల కష్టం ఆరు గంటల్లో పోతుంది. ఆ కడుపుమంటతో మనిషి తుపాకి మాట ఎత్తితే తప్పు పట్టలేము.

ఈ మధ్య ఒక రైతు నన్ను ఇట్లా అడిగినాడు: "ఏం సామీ, మా చేనికి ఆనుకొని అంతా కంప. కంపలోనించే జింకలొస్తాయి, పందులొస్తాయి. ఇంత గుబురులో కొట్టాలంటే యే తుపాకి బాగుంటుంది? రైఫిలైతే కొమ్మల్ని చీల్చుకొని పోతుందంట గదా?"

ఈ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు వున్నవి. జింకను కొట్టవచ్చునా? పంట కాపుదలకు ఏ తుపాకి? గుబురులో గుండు తిన్నగా పోతుందా? ఈ మూడింటికీ వేర్వేరుగా జవాబు చెప్పుకొంటేనే విషయం తేటపడుతుంది.

మొదట జింక సంగతి. మన కొండల్లో చుక్కల దుప్పి వున్నది, కణితి వున్నది. మనవాళ్ళు అన్నిటినీ కలిపి జింకలే అంటారు. ఒకప్పుడు లైసెన్సు పుచ్చుకొని వీటిని వేటాడేవారు. రేణిగుంట దాటినాక వచ్చే మామండూరు అడవి వేటగాళ్ళకు పేరుపడ్డ చోటు. బెంగుళూరులో వుండిన కెన్నెత్ ఆండర్సన్ అనే ఆయన తన .405 వించెస్టరు రైఫిలు పట్టుకొని ఆ అడవుల్లో తిరిగి పుస్తకాలు కూడా రాసినాడు. ఆ రోజులు వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దానిని సవరించి సరదా వేటకు తలుపు పూర్తిగా మూసివేసినారు. 2022లో మరల సవరించి, జంతువుల పట్టికలను తిరగరాసి, జరిమానాలను పెంచినారు. దుప్పి, కణితి, నెమలి, చెవులపిల్లి అన్నీ ఈ చట్టం నీడలోనే వున్నవి. చట్టం మీరితే మూడేండ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి పట్టికలోని జంతువైతే శిక్ష మూడేండ్లకు తక్కువ వుండదు, ఏడేండ్ల దాకా పోవచ్చును. కాబట్టి జింకకు ఏ తుపాకి మంచిదని అడిగితే జవాబు ఒక్కటే: ఏ తుపాకీ కాదు.

"మరి నా చేను మేసిపోతే?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం మీ చేనిని మరచిపోలేదు. ఆ చట్టం 11వ సెక్షను చూడండి. రెండవ పట్టికలోని ఒక అడవి జంతువు మనుషుల ప్రాణానికి గాని, నిలిచి వున్న పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైనదని తేలితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణాలు రాసి, ఫలాని చోట ఫలాని జంతువును చంపవచ్చునని వ్రాతపూర్వకంగా ఉత్తరువు ఇవ్వవచ్చును. అడవి పంది విషయంలోనూ దారి ఇదే. ఉత్తరువు చేతిలో లేకుండా, "నా చేనిలోకి వచ్చింది గనుక కొట్టినాను" అంటే చెల్లదు. ఒకటి మాత్రం వున్నది. జంతువు మీ మీదనో మరొకరి మీదనో పడినప్పుడు ప్రాణరక్షణకు సద్బుద్ధితో కొట్టినది నేరం కాదు. అట్లా చచ్చిన జంతువు కూడా ప్రభుత్వపు సొత్తే గాని మన కూరకుండలోకి రాదు.

చాలామంది పొరపాటు పడే చోటు ఇక్కడే వున్నది. తుపాకి లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. మొదటిది ఆయుధాల చట్టం కింద కలెక్టరు ఆఫీసునుంచి వస్తుంది. రెండవది వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖనుంచి రావలె. మొదటిది వున్నంత మాత్రాన రెండవది వున్నట్టు కాదు. మీ వూరు ఏదైనా అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల వుంటే ఇంకొక మెలిక కూడా వున్నది. అక్కడ లైసెన్సుదారులు తమ పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవలె. కొత్త లైసెన్సు ఇచ్చేటప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను సమ్మతి ముందే కావలె.

ఇక రెండవ ప్రశ్న: పంట కాపుదలకు ఏ తుపాకి? దీనికి చట్టమే సూటిగా జవాబు చెప్పింది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షనులో, నిజంగా పంట కాపుదలకే కావలసినవారికి మూతి వైపునుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని వున్నది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాని నున్నగొట్టం తుపాకి ఇవ్వవచ్చును. పంట కాపుదల మాట వచ్చినచోట రైఫిలు పేరు చట్టం ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో తెలియాలంటే ఈ మూడు తుపాకుల తేడా కాస్త తెలిసికోవలె.

దట్టించే తుపాకిలో మూతిలోనించి నల్లమందు పోసి, పీచో గుడ్డపేలికో పెట్టి, కడ్డీతో దట్టించి, ఆపైన సీసపు రవలు పోసి, మరల పీచు దట్టిస్తారు. వెనుక చిన్న టోపీ పెడితే సుత్తి దానిమీద పడి మందు అంటుకొంటుంది. ఒక్కసారి కాలిస్తే మళ్ళీ మొదటినుంచి పని. అదే దాని గుణం కూడా. చేతిలో ఒక్క దెబ్బే వున్నదని తెలిసినవాడు తొందరపడడు. పెద్ద చప్పుడు వస్తుంది, పొగ కమ్ముతుంది. పందుల మందను పారదోలడానికి చాలాసార్లు ఆ చప్పుడే చాలును.

రెండవది 12 బోరు తుపాకి. ఈ 12 అనే అంకె ఏమిటని చాలామంది అడుగుతారు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిపితే ఒక పౌను తూగుతాయి. అందుకని ఆ పేరు. దీని గొట్టం లోపల నున్నగా వుంటుంది. వెనుకనుంచి తూటా పెడతారు. చిన్న రవల తూటా వున్నది, తూటాకు ఎనిమిదో తొమ్మిదో వుండే పెద్ద రవలదీ వున్నది. రవలు పోను పోను విడిపోతాయి. ఉరమర లెక్కకు గజానికి ఒక అంగుళం అనుకోండి. 35, 40 గజాలకు పోయేసరికి మీటరు వెడల్పున చెదిరిపోతాయి. అక్కడినుంచి దానితో గురి అనేది లేదు. గురి లేకపోయినా పోవడం మాత్రం ఆగదు. చిన్న రవలు 200 మీటర్ల దాకా, పెద్ద రవలు 600 మీటర్ల పైదాకా పోగలవు. పందికి తగలని రవ ఎక్కడ పడుతుందో ఆలోచించండి.

మూడవది రైఫిలు. దీని గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు వుంటాయి. గుండు ఆ గాళ్ళలో తిరుగుతూ బొంగరం వలె బయటికి వస్తుంది. తిరిగే బొంగరం పడిపోనట్టే, తిరిగే గుండు తల తిప్పకుండా దూరం పోతుంది. మన దేశపు ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో చేసిన .315 రైఫిలు పేరు మీరు విని వుండవచ్చును. మూతి కాస్త పైకి వున్నప్పుడు పేలితే ఇట్లాంటి రైఫిలు గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. పుత్తూరు చుట్టున ఏ చేనిలో నిలబడి చూసినా రెండు మూడు కిలోమీటర్ల లోపల ఒక వూరు గాని, రోడ్డు గాని, బావి దగ్గర పడుకొన్న మనిషి గాని లేని దిక్కు ఎక్కడ వున్నది? పంట కాపుదలకు రైఫిలు కూడనిది అందుకే. తుపాకికి బలం ఎక్కువైన కొద్దీ కాపలాదారుకు భయం ఎక్కువ కావలె గాని, ధైర్యం కాదు.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వస్తాము. గుబురులో గుండు తిన్నగా పోతుందా? రైఫిలు గుండు కొమ్మల్ని చీల్చుకొని పోతుందనేది మన దగ్గర పుట్టిన మాట కాదు. అమెరికాలో దుప్పివేటకు చట్టం ఒప్పుకొంటుంది. అక్కడ పొదలున్న అడవుల్లో వేటాడేవారు తరాల తరబడి "పొదల తుపాకి" అని ఒకటి వుందని చెప్పుకొంటూ వచ్చినారు. బరువైన గుండు, మెల్లగా పోయే గుండు అయితే చిన్న పుల్లలను తోసుకొని పోతుంది, తేలికైన వడిగల గుండు పక్కకు తప్పుతుంది అని వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకాన్ని అక్కడివారే పరీక్ష పెట్టి చూసినారు. చెక్క పుల్లలను వరుసలుగా నిలబెట్టి, వెనుక అట్టబొమ్మ కట్టి, రకరకాల తుపాకులతో కాల్చినారు. తేలినదేమిటంటే, పుల్ల తగిలిన ఏ గుండైనా దారి తప్పుతుంది. బరువైన, పొడవైన గుండు కాస్త తక్కువ తప్పవచ్చును, అంతే. ఎటు తప్పుతుందో, ఎంత తప్పుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఎంత తప్పితే ఎంత దూరం పోతుందో లెక్క వేసుకొందాము. గడియారం ముఖంమీద ఒక నిమిషం గీతకూ పక్క గీతకూ మధ్య 6 డిగ్రీల వంపు వుంటుంది. అందులో ఆరోవంతు, అంటే ఒకే ఒక్క డిగ్రీ గుండు వంగిందనుకోండి. 10 మీటర్లు పోయేసరికి 17 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 30 మీటర్లు పోయేసరికి అర మీటరు దాటుతుంది. మూడు డిగ్రీలు వంగితే 30 మీటర్లలో మీటరున్నర. అంటే పంది తలకు పెట్టిన గురి పంది పక్కన నిలబడ్డ దేనికైనా తగలవచ్చును. ఇందులో ఇంకొక సూక్ష్మం కూడా వున్నది. జంతువుకు ఆనుకొని వున్న పుల్ల అంత చెరుపు చేయదు. మీ తుపాకి మూతికి దగ్గరగా వున్న పుల్లే పెద్ద చెరుపు చేస్తుంది, ఎందుకంటే అది వంచినాక గుండు పోవలసిన దూరం ఎక్కువ. రాత్రిపూట కంపలో కూర్చున్నవాడికి కనబడనిది సరిగ్గా ఆ దగ్గరి పుల్లే.

మన కంపలు ఎట్లాంటివో మీకు చెప్పనక్కర లేదు. సర్కారు తుమ్మ, రేగు, బలుసు అల్లుకొని వుంటే అందులో చెయ్యి తిన్నగా పోదు, గుండు తిన్నగా పోతుందా? రవలు పోవు, రైఫిలు గుండూ పోదు. కాబట్టి ఆ రైతుకు నేను చెప్పిన జవాబు ఇది: గుబురుకు తగిన తుపాకి ప్రపంచంలో ఎవరూ చేయలేదు. గుబురులోనించి బయటికి వచ్చేదాకా ఆగగలిగిన మనిషే కావలె.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. చాలా ఏండ్ల కిందట ఒక పెద్దరైతు మంచెమీద నేనొక రాత్రి కూర్చున్నాను. ఆయనకు ముప్పయి ఏండ్లుగా పంట కాపుదల లైసెన్సు వున్నది. ఎదురుగా చెరుకు తోట, పక్కన కంప. నడిరాత్రి దాటినాక తోట అంచున గరగరమని చప్పుడయింది. ఆకులు కదిలినవి. నల్లటి వీపు ఒకటి వంగి కనబడింది. "పంది" అన్నాను నేను గుసగుసగా. ఆయన తుపాకి ఎత్తలేదు. గట్టిగా "ఎవురది?" అన్నాడు. పలుకు లేదు. మళ్ళీ అన్నాడు. పలుకు లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. మూడోసారి గొంతు చించుకొని అరిచినాడు. అప్పుడు గుబురులోనించి సన్నటి గొంతు వినబడింది: "నేనే పెద్దనాయనా! దూడ తాడు తెంపుకొని వచ్చేసింది." పక్క చేని వాళ్ళ పిల్లవాడు, పన్నెండు పదమూడేండ్లు వుంటాయి. నేను పంది అన్నది ఆ దూడ వీపు. దాని పక్కనే వంగి తాడు వెతుకుతున్నాడు వాడు. భయపడి మొదటి రెండు పిలుపులకు పలకలేదట.

ఆ పెద్దాయన నన్నేమీ అనలేదు. కాసేపటికి తనలో తాను అనుకొన్నట్టు, "గుండు పోయినాక పిలిస్తే తిరిగి రాదు సామీ. ముందే పిలవాల" అన్నాడు. ఆ రాత్రి ఆయన చేతిలో వున్నది పాత దట్టింపు తుపాకి. దానికి బదులు ఎంత ఖరీదైన రైఫిలు వున్నా ఆ పిల్లవాడిని కాపాడేది ఆయన నోరే గాని తుపాకి కాదు.

అందుచేత లైసెన్సు వున్నవారు పాటించవలసిన కట్టుబాట్లు కొన్ని చెబుతాను. వీటిని మీ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

ఒకటి. చప్పుడుకు కాల్చవద్దు, కదలికకు కాల్చవద్దు. జంతువు పూర్తిగా బయటికి వచ్చి, తలా తోకా కనబడి, ఇది ఫలానా అని మనసుకు రూఢి అయ్యేదాకా వేలు గుర్రంమీదకు పోకూడదు.

రెండు. బ్యాటరీ వెలుగులో మెరిసిన కండ్లను నమ్మవద్దు. ఆవు, మేక, కుక్క, దుప్పి కండ్ల వెనుక అద్దం లాంటి పొర వుంటుంది. అందుకే అవి రాత్రిపూట వెలుగుకు జిగేలుమంటాయి. పంది కంటికి ఆ పొర లేదు. మనిషి కంటికీ లేదు. అంటే జిగేలుమన్న కన్ను పందిది కాదు. మీ పక్కింటి ఆవుది కావచ్చును. మెరవని కన్ను పందిదే అనుకొంటిరా, అది మనిషిది కావచ్చును. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకొంటే చాలా పశువులూ మనుషులూ బతుకుతారు.

మూడు. వెనుక ఏమున్నదో చూసుకోండి. మంచెమీదనుంచి కిందికి, నేలవైపు వున్న మూతి మంచిది. గుండు తప్పినా మట్టిలో దిగుతుంది. సమంగా గాని, పైకి గాని ఎత్తిన మూతి ఎవరి ఇంటిమీదకో తెలియదు.

నాలుగు. కాపలాకు పోయేముందు పక్క చేలవాళ్ళకు చెప్పండి. ఈ రాత్రి ఎవరు ఎక్కడ వుంటారో, మోటారు దగ్గరికి ఎవరు పోతారో మాట్లాడుకోండి. కాపలా వున్నవారు గుర్తుగా తెల్లగుడ్డ తలకు కట్టుకోవలె. "ఎవరది?" అంటే పలకవలెనని పిల్లలకు నేర్పండి.

ఐదు. దట్టించిన తుపాకి ఇంట్లోకి రాకూడదు. మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గెనిమ దాటేటప్పుడు టోపీ పెట్టి వుండకూడదు. టోపీ కొట్టినాక పేలకపోతే వెంటనే మూతిలోకి తొంగి చూడవద్దు. మందు నెమ్మదిగా రగులుతూ వుండవచ్చును. మూతిని నిర్భయమైన దిక్కుకు పెట్టి కనీసం ఒక నిమిషం ఆగండి. ఒకసారి దట్టించినామో లేదో గుర్తులేక రెండోసారి దట్టిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది.

ఆరు. తాగినవాని చేతికి తుపాకి ఇవ్వవద్దు. మీ పేరున వున్న తుపాకిని మీ తమ్మునికైనా అరువు ఇవ్వవద్దు. లైసెన్సు మనిషికి ఇచ్చినది గాని ఇంటికి ఇచ్చినది కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేండ్లు. గడువు తీరకముందే తిరిగి వ్రాయించుకోండి. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోండి.

ఇక చెప్పక తప్పని మాట మరొకటి. లైసెన్సు దొరకలేదని కొందరు నాటు తుపాకి చేయించుకొంటున్నారు. నీళ్ళ గొట్టాన్ని నల్లమందుకు నిలిచే గొట్టం అనుకోవడం కన్నా పొరపాటు లేదు. లైసెన్సు లేని తుపాకి దగ్గర వుంచుకొంటే 2019 సవరణ ప్రకారం రెండేండ్లకు తక్కువ కాకుండా ఐదేండ్ల దాకా జైలు. తయారుచేసినవారికి ఏడేండ్లనుంచి యావజ్జీవం దాకా. ఇంకొందరు పిండిలో నాటుబాంబు పెట్టి కంప అంచున వేస్తున్నారు. దానిని పంది కొరుకుతుందో, మేతకు పోయిన మీ ఆవే కొరుకుతుందో ఎవరికి తెలుసు? దవడ పగిలిన ఆవు మేయలేక, నీళ్ళు తాగలేక రోజుల తరబడి నరకపడి చస్తుంది. అన్నిటికన్నా ఘోరం, కంచెకు మోటారు కరెంటు తగిలించడం. ఆ తీగకు పందీ మనిషీ ఒక్కటే. తెల్లవారి మరచిపోయి తానే తీగ తొక్కిన రైతులూ వున్నారు. అట్లా ప్రాణం పోతే అది ప్రమాదం అనిపించుకోదు, నేరం అవుతుంది.

సౌర కంచె వేరు, కరెంటు తీగ వేరు. సౌర కంచెలో ప్రత్యేకమైన యంత్రం ఒకటి వుండి, సెకనులో చిన్న భాగం మాత్రమే వుండే దెబ్బను ఆగి ఆగి పంపుతుంది. జంతువు అదిరి వెనక్కు పోతుంది గాని చావదు. ప్రమాణం గల యంత్రమే కొనండి. ఇంట్లో చేసిన పెట్టెలు వద్దు.

మరి తుపాకి లేకుండా చేను దక్కుతుందా? తుపాకి ఒక్కదానితో ఏ చేనూ దక్కలేదు. దక్కినచోటల్లా నాలుగు ఉపాయాలు కలిసి పనిచేసినవి. మొదటిది గుబురును తగ్గించడం. మీ సొంత భూమిలో చేనికీ కంపకూ మధ్య నాలుగైదు మీటర్ల మేర శుభ్రం చేసి బయలు చేయండి. అటవీ భూమిలో మాత్రం కత్తి పెట్టవద్దు. పంది దాపు లేని బయలు దాటడానికి జంకుతుంది. కాపలాదారుకు కూడా వచ్చినదేమిటో కనబడుతుంది. గుబురులో ఎట్లా కొట్టాలనే ప్రశ్నకు అసలైన పరిష్కారం ఇదే.

రెండవది గట్టు పైరు. చెనిక్కాయ చుట్టూ నాలుగు వరుసల కుసుమ వేస్తే దాని ముండ్లు పందికి గుచ్చుకొంటాయి, దాని వాసన కాయ వాసనను కప్పుతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం ఒత్తుగా వేస్తారు. ఈ పద్ధతులను హైదరాబాదు రాజేంద్రనగరంలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు పరిశీలించి సిఫారసు చేసినారు. మూడవది కంచె. పంది దూకేది కాదు, కిందనుంచి ముట్టెతో ఎత్తి దూరేది. కాబట్టి పందికి కట్టే కంచెలో అడుగు తీగ నేలకు దగ్గరగా వుండవలె. దుప్పి దూకేది గనుక దానికి ఎత్తు కావలె. ఒకే కంచె రెండింటికీ పనికిరావాలంటే అడుగున బిగువు, పైన ఎత్తు రెండూ చూసుకోవలె. నాలుగవది కలిసి కాపలా. పక్కపక్క చేలవాళ్ళు ఒకే వారంలో విత్తి, ఒకే వారంలో పెరికితే కాపలా రాత్రులు తగ్గుతాయి. ఒంటరిగా మిగిలిపోయిన చేనిమీదనే మంద పడుతుంది. డబ్బా చప్పుడు గాని, దీపం గాని, రంగుచీరల కంచె గాని ఏదీ ఎక్కువ రోజులు ఒకే తీరున వుంచవద్దు. అడవి జంతువు తెలివైనది, వారం పది రోజుల్లో దానికి అలవాటుపడుతుంది. మార్చి మార్చి వాడండి.

అడవిలో పందీ దుప్పీ చిరుతపులికి మేత అని కూడా గుర్తుంచుకోవలె. ఆ మేత తరిగితే చిరుత మన మేకల దొడ్డివైపు చూస్తుంది.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. పందులు పడ్డ చేనికి పోయినప్పుడు రైతుకు చట్టం ఒక్కటే చదివి వినిపించి రాకండి. ముందు అతని చేను చూడండి, నష్టం రాయండి, ఫోటో తీయించండి. అటవీ రేంజి ఆఫీసులో ఇవ్వవలసిన అర్జీ మీరే దగ్గరుండి రాయించండి. అర్జీకి దారి తెలిసినవాడు నాటుబాంబు జోలికి పోడు. మీ పరిధిలో లైసెన్సు తుపాకులు ఎందరికి వున్నవో తెలిసికొని, పైరు కోతకు వచ్చేముందు వారిని ఒకచోట కూర్చోబెట్టి ఇందాక చెప్పిన కట్టుబాట్లు ఒకసారి గుర్తు చేయండి.

రైతు సోదరులారా! కాలు విరిగినా చెయ్యి విరిగినా దూరదూరాలనుంచి జనం పుత్తూరు కట్టుకు వస్తారు. విరిగిన ఎముకకు మన వూరు పెట్టింది పేరు. తుపాకి దెబ్బకు మాత్రం పుత్తూరులోనూ కట్టు లేదు. పోయిన పైరు వచ్చే కారుకు మళ్ళీ వస్తుంది. గుబురులో వంగి దూడ తాడు వెతికే పిల్లవాడు పోతే మళ్ళీ రాడు. తుపాకి ఎత్తేముందు గొంతు ఎత్తండి. "ఎవరది?" అని మూడుసార్లు పిలవండి.